బయటి కట్టెల ఫర్నేస్‌తో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం ఎలా

ఫర్నేస్ అంటే కట్టెలు మండించే పెద్ద పొయ్యి, అది ఇంటి బయట ఉంటుంది, మంట చుట్టూ ఉన్న నీళ్లు వేడెక్కితే పంపు వాటిని భూమిలోని పైపుల గుండా ఇంట్లోకి పంపుతుంది, అవి ఇంటికి వేడినిచ్చి మళ్లీ ఫర్నేస్‌కే తిరిగొస్తాయి. అంతే సంగతి.

అసలు కిటుకు కట్టెల్లో ఉంది. చీల్చి, పైన మాత్రమే కప్పి, పక్కల నుంచి గాలి ఆడేలా పేర్చి కనీసం 6 నెలలు, గట్టి చెక్కైతే ఏడాది పైనే ఎండనివ్వండి; తేమ 20 శాతం లోపు ఉండాలి. తేమ మీటర్‌తో చూసేటప్పుడు మొద్దును అప్పటికప్పుడు చీల్చి లోపలి వైపు పెట్టండి, పైపైన చూస్తే తప్పు చూపిస్తుంది. పచ్చి కట్టె వేశారంటే చాలా వేడి అందులోని నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, పైగా పొగ, పొగగొట్టంలో తారులాంటి క్రియోసోట్, పక్కింటివాళ్లతో గొడవ అదనం.

పైపుల ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా చుట్టే పొర) దగ్గర పిసినారితనం వద్దు, తడి నేల వేడిని తాగేస్తుంది. తిరిగొచ్చే నీరు దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గకూడదు, తగ్గితే ఫర్నేస్ లోపల చెమ్మ చేరి ఉక్కు తుప్పు పడుతుంది. చెత్త, ప్లాస్టిక్, రంగేసిన చెక్క అస్సలు వేయొద్దు. ఫర్నేస్ తలుపు ఒక్కసారిగా లాగకండి: ముందు మంటకు గాలి ఊదే ఫ్యాన్ ఆపి, కొంచెం తెరిచి కాసేపు ఆగి, పక్కకు నిలబడి పూర్తిగా తీయండి, లేదంటే లోపల పేరుకున్న పొగ భగ్గుమనొచ్చు. బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలోకే ఎత్తండి, చల్లారినట్టు కనిపించినా అందులో నిప్పు రోజుల తరబడి ఉంటుంది.