బెంగళూరు ట్రాఫిక్‌లో మాన్యువల్ కారు: క్లచ్ పాడవకుండా నడపడం ఎలా?

సాయంత్రం వేళ ఔటర్ రింగ్ రోడ్డు మీద మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డ్ వైపు వెళ్తుంటే, ఎక్కడో ఒకచోట క్లచ్ కాలిన వాసన వస్తుంది. అందరూ ట్రాఫిక్‌ను తిట్టుకుంటారు కానీ తప్పు ఎక్కువగా డ్రైవర్ ఎడమ కాలిదే. బండి కదిలేటప్పుడు, గేరు మార్చేటప్పుడు, ఆగబోయేటప్పుడు తప్ప ఆ కాలికి క్లచ్ మీద పని లేదు. మిగతా సమయమంతా అది పెడల్ పక్కన కింద ఉండాలి.

ముందు సీటు సర్దుకోండి. క్లచ్‌ను అడుగు దాకా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. చెప్పులు వద్దు, పల్చటి అడుగున్న బూట్లు వేసుకోండి. కుడి కాలికి బ్రేకు, యాక్సిలరేటర్. ఎడమ కాలికి క్లచ్ ఒక్కటే.

ఇక బంపర్‌కు బంపర్ ఆనుకుని పాకే ట్రాఫిక్ సంగతి. ముందు బండి జానెడు కదలగానే మీరూ కదలకండి. కనీసం ఒక కారు పట్టేంత ఖాళీ రానివ్వండి. అప్పుడు ఫస్ట్ గేరులో కదిలి, క్లచ్ పూర్తిగా వదిలేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా పోనివ్వండి. చదునైన రోడ్డు మీద ఇంజన్ తనంతట తానే బండిని మెల్లగా లాగుతుంది. డీజిల్ అయితే ఇంకా సులువు. ఆ ఖాళీలోకి ఆటో దూరుతుంది, రెండు బైకులు దూరుతాయి. దూరనివ్వండి. దానివల్ల మీరు ఇల్లు చేరే సమయం మారదు. వేగం 15 దాటాకే సెకండ్ గేరు. సెకండ్‌లోనే ఉండి హాఫ్ క్లచ్‌తో, అంటే పెడల్ సగం తొక్కి ఉంచి, పాకించడం చాలామందికి అలవాటు. స్మూత్‌గా ఉంటుందంటారు గానీ, ఆ స్మూత్‌దనమంతా క్లచ్ ప్లేటు అరుగుదలే.

సిగ్నల్ దగ్గర టైమర్ 10 కన్నా ఎక్కువ చూపిస్తే న్యూట్రల్ చేయండి. 30 దాటి ఉంటే ఇంజన్ ఆపేయండి. టైమర్ లేకపోతే నేరుగా న్యూట్రలే. ఫస్ట్ గేరు వేసి క్లచ్ తొక్కిపట్టి కూర్చుంటే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ అరుగుతుంది, మోకాలూ నొప్పి పుడుతుంది.

అసలు కష్టం ఎత్తు మీద. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కేచోట, అండర్‌పాస్ నుంచి పైకి వచ్చేచోట, వీకెండ్‌లో మాల్ బేస్‌మెంట్ నుంచి బయటపడే ర్యాంప్ మీద బండ్లు ఆగి ఆగి కదులుతాయి. అక్కడ చాలామంది చేసే పని, బ్రేకు వదిలేసి హాఫ్ క్లచ్, యాక్సిలరేటర్‌లతో బండిని గాల్లో ఆపినట్టు ఆపడం. చూసేవాళ్లకు అది నైపుణ్యంలా కనిపిస్తుంది. లోపల మాత్రం ఇంజన్‌కు బిగించిన ఫ్లైవీల్ తిరుగుతుంటుంది, చక్రాలు ఆగి ఉంటాయి, రెంటి మధ్య క్లచ్ ప్లేటు రాసుకుంటూ వేడెక్కిపోతుంది. దయచేసి ఈ అలవాటు మానేయండి.

ఎత్తు మీద బండిని ఆపాల్సింది హ్యాండ్ బ్రేకే. ఫుట్ బ్రేకు తొక్కి పూర్తిగా ఆగాక హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగండి, న్యూట్రల్ చేయండి. ఫుట్ బ్రేకును మెల్లగా వదిలి, బండి నిలిచిందని చూశాకే కాలు పూర్తిగా తీయండి. జారితే హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగించాల్సి ఉంది, వెంటనే మెకానిక్‌కు చూపించండి. ఒక జాగ్రత్త: హ్యాండ్ బ్రేకుతో వెనక ఎర్ర లైట్లు వెలగవు. రాత్రిపూట మీ వెనక బండి వచ్చి ఆగేదాకా ఫుట్ బ్రేకు మీద కాలు ఉంచండి.

కదలాల్సినప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేరు వేయండి. మడమను నేలకు ఆనించి, పాదంతో క్లచ్‌ను మెల్లగా వదలండి. ఒకచోట ఇంజన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కొంచెం పైకి లేచినట్టు అనిపిస్తుంది. పట్టు దొరికింది. పాదాన్ని అక్కడే ఆపండి. యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేకు దించండి. చాలామంది తప్పు చేసేది ఆ తర్వాతే: బండి కదలగానే సంతోషంతో క్లచ్ ఠక్కున వదిలేస్తారు, ఇంజన్ ఆగిపోతుంది. బండి ఒక అడుగు ముందుకు కదిలేదాకా పాదం అక్కడే ఉండాలి, తర్వాత పూర్తిగా వదిలేయాలి. వెనక్కి జారుతున్నట్టు అనిపిస్తే యాక్సిలరేటర్ జోలికి పోకుండా ముందు ఫుట్ బ్రేకు తొక్కండి. ఈ ఊళ్లో మీ వెనక బంపర్‌కు ఆనుకునే ఒక బైకు ఉంటుంది, అద్దంలో కనిపించకపోవచ్చు కూడా.

కొత్త కార్లలో, ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా బ్రేకు పట్టి ఉంచే హిల్ హోల్డ్ ఉంది కదా అంటారు. చాలా కార్లలో అది రెండు మూడు సెకన్లే పట్టుకుంటుంది. దాన్ని నమ్ముకుని హ్యాండ్ బ్రేకు మర్చిపోకండి. ఆదివారం పొద్దున్నే అపార్ట్‌మెంట్ ర్యాంప్ మీద, వెనక ఎవరూ లేకుండా చూసుకుని, చెయ్యీ కాలూ కలిసి పనిచేసేదాకా ప్రాక్టీస్ చేయండి. వెనక హారన్లు మోగుతుంటే ఆ టెన్షన్‌లో ఎవరికీ రాదు.

అనంతపురం, కర్నూలు నుంచి ఆదివారం రాత్రి తిరిగొచ్చేవాళ్లకు ఇంకో మాట. హైవే మీద గంటల తరబడి ఫిఫ్త్ గేరులో వచ్చి నేరుగా హెబ్బాళ జామ్‌లో పడితే కాలు మొద్దుబారి ఉంటుంది. దేవనహళ్లి దగ్గర ఓ టీ తాగి, కాసేపు నడిచి రండి.

క్లచ్ ఇప్పటికే అరిగిందేమో చూడాలంటే, ఖాళీ రోడ్డు మీద థర్డ్ లేదా ఫోర్త్ గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజన్ అరుపు పెరిగి, వేగం దానికి తగ్గట్టు పెరగకపోతే ప్లేటు జారుతున్నట్టే. ఆ బండితో ఫ్లైఓవర్లు ఎక్కకుండా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.