జ్ఞాపకాల పుస్తకాన్ని చదవడం – 3వ పాఠం: ఒక క్యాసెట్ వెంట

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని జవాబు రాసి పంపింది. ఇష్మాయెల్ బేహ్ రాసిన ‘ఎ లాంగ్ వే గాన్’ చదివి ఇతివృత్తాలు రాయమంటే యుద్ధం, హింస, కోల్పోయిన బాల్యం, ఆశ అని నాలుగు మాటలు రాసింది. నాలుగూ నిజమే. కాని యుద్ధం మీద వచ్చిన ఏ పుస్తకానికైనా ఈ నాలుగూ అతుకుతాయి. లోపలికి వెళ్లకుండా అట్ట చూసి కూడా రాయవచ్చు. ఆమె పుస్తకమంతా శ్రద్ధగా చదివిందని పక్కన రాసుకున్న పేజీ నంబర్లే చెబుతున్నాయి. చదివినదాన్ని వాక్యంగా మార్చే దారి మాత్రం ఇంకా దొరకలేదు. ఆ దారే ఈ వారం పాఠం.

పుస్తకం ఇంకా చేతికి రాని వారి కోసం నాలుగు ముక్కలు. బేహ్ 1980లో పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో పుట్టాడు. అక్కడ 1991లో అంతర్యుద్ధం మొదలైంది. పదమూడో ఏట అతని చేతికి ఏకే-47 ఇచ్చింది తిరుగుబాటుదారులు కాదు, ప్రభుత్వ సైన్యం. చాలామంది ఈ ఒక్క విషయం తప్పుగా గుర్తుపెట్టుకుంటారు, నోటుబుక్‌లో గీత కొట్టి రాసుకోండి. 1996లో యునిసెఫ్ అతన్ని సైన్యం నుంచి తప్పించి రాజధాని ఫ్రీటౌన్‌లోని పునరావాస కేంద్రానికి చేర్చింది. పుస్తకం 2007లో వచ్చింది.

ఇప్పుడు పని మొదలుపెడదాం. పుస్తకంలో మళ్లీ మళ్లీ కనిపించే వస్తువును ఒకటి ఎంచుకోండి. తుపాకీ వద్దు, అది ప్రతి పేజీలోనూ ఉంటుంది. నేను ర్యాప్ పాటల క్యాసెట్‌ను ఎంచుకున్నాను. అది కనిపించిన ప్రతిచోటా ఆగి రెండే ప్రశ్నలు వేసుకోవాలి: ఇది ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? దీన్ని చూసినవాళ్లు ఆ పిల్లవాణ్ని ఎవరనుకుంటున్నారు?

మొదటి చోటు 1993 జనవరి. పన్నెండేళ్ల బేహ్, అన్న జూనియర్, ఒక స్నేహితుడు కలిసి పాటల పోటీ కోసం మట్రు జోంగ్ అనే ఊరికి బయలుదేరతారు. దూరం పదహారు మైళ్లు, అంటే విజయవాడ నుంచి మంగళగిరికి నడిచి వెళ్లి, మళ్లీ నడిచి వచ్చినంత. మర్నాడు తిరిగి వస్తాం కదా అని ఇంట్లో ఎవరికీ చెప్పరు. క్యాసెట్లు వెంట ఉన్నాయి. ఇక్కడ అవి సరదా వస్తువులు, అంతకంటే ఎక్కువ రాయకండి. వాళ్లు అటు వెళ్లగానే వెనక ఊరి మీద దాడి జరుగుతుంది.

రెండో చోట కాస్త నిలబడాలి. తిరుగుబాటుదారుల దళాల్లో పిల్లలున్నారన్న భయంతో, గుంపుగా నడిచే కుర్రాళ్లను చూస్తేనే పల్లెలు వణికిపోతున్నాయి. ఒక ఊళ్లో వీళ్లను పట్టుకుని కట్టేస్తారు. జేబులో క్యాసెట్ దొరుకుతుంది. ఊరిపెద్ద దాన్ని పెట్టించి వింటాడు. బేహ్ ఆ పాటకు నోరు కదుపుతూ, అడుగులు వేస్తూ చూపించాలి. చూపిస్తాడు, వదిలేస్తారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ‘వీడు పిల్లవాడే’ అని సాక్ష్యం చెప్పింది ఆ ప్లాస్టిక్ ముక్క. మాటతో ఎంత వేడుకున్నా నమ్మనివాళ్లు పాటకు ఆడిన కాళ్లను నమ్మారు.

మూడోది నన్ను పుస్తకం మూసి కూర్చోబెట్టిన చోటు. సైన్యంలో చేర్చుకున్నాక కుర్రాళ్లకు కొత్త నిక్కర్లు ఇస్తారు, పాతవి మంటలో వేస్తారు. క్యాసెట్లు పాత జేబులోనే ఉన్నాయి. బేహ్ పరిగెత్తేసరికి అవి కరిగిపోయాయి. ఇందులో తుపాకీ పేలలేదు, రక్తం లేదు. వేసినవాడికి కోపం కూడా లేదు, పాత బట్టలు కాల్చడం అతని పని. అయినా తర్వాతి పోరాటాల పేజీలన్నిటికంటే ఈ కొన్ని వాక్యాలే భయంకరమైనవని నేను అంటాను. ఊరిపెద్ద ముందు అతన్ని కాపాడిన సాక్ష్యం ఇక లేదు. అతన్ని పిల్లవాడిగా చూసే కన్ను కూడా ఆ శిబిరంలో ఒక్కటీ లేదు. మత్తుమందులు, యుద్ధ సినిమాలు దీని తర్వాతే వస్తాయి. వరుస చూడండి.

నాలుగోది పునరావాస కేంద్రంలో. ఎస్తర్ అనే నర్సు అతనికి ఒక వాక్‌మన్, ఒక ర్యాప్ క్యాసెట్ కొని ఇస్తుంది. అతను ఆమెతో నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెడతాడు. జరిగినదాంట్లో నీ తప్పు లేదని అక్కడివాళ్లు పదే పదే అంటుంటే మొదట్లో అతనికి ఒళ్లు మండిపోయేది. ఎస్తర్ నోట విన్నప్పుడు కొద్దికొద్దిగా నమ్ముతాడు. పాత క్యాసెట్ తిరిగి రాలేదని మరవకండి, ఇది వేరే క్యాసెట్.

ఇప్పుడు వాక్యం. నా మొదటి ప్రయత్నం ఇది: ‘పిల్లవాణ్ని సైనికుడిగా మార్చాలంటే అతనెవరో చెప్పే గుర్తులను ముందు చెరిపేస్తారు.’ ఇందులో క్రియ ఉంది, కాబట్టి ఒప్పుకోవచ్చు, వాదించవచ్చు. ‘బాల్యం’ అన్న ఒంటరి మాటతో ఆ పని కుదరదు. తర్వాత దీన్ని క్యాసెట్ లేని ఘట్టం మీద పెట్టి చూడాలి. నేను బాబాయి టామీ ఘట్టం తీసుకున్నాను. అతను బేహ్‌ను అంతకుముందు ఎరగడు. ఏ గుర్తూ అడగకుండా కొడుకుగా ఇంట్లోకి తీసుకుంటాడు. గుర్తులే సర్వస్వమైతే ఈ ఘట్టం పొసగదు. అందుకే దిద్దాను: ‘పిల్లవాడిగా చూసే మనిషి ఒకరున్నంతవరకే బాల్యం నిలుస్తుంది; ఆ మనిషి మళ్లీ దొరికితే కొంతైనా తిరిగి మొదలవుతుంది.’ ఊరిపెద్ద, నర్సు, బాబాయి ముగ్గురూ ఇందులో ఇమిడారు. శిబిరమూ ఇమిడింది.

చట్టాన్ని కూడా ఈ వాక్యం పక్కన పెట్టి చూడవచ్చు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక పదిహేనేళ్ల లోపు వారిని సైన్యంలో చేర్చుకోకూడదంది. బేహ్‌కు పదమూడు. పద్దెనిమిది నిండనివారిని ప్రత్యక్ష పోరాటంలోకి దించకుండా చూడాలన్న ఐక్యరాజ్యసమితి ఐచ్ఛిక ఒప్పందం 2000లో కుదిరి, 2002 ఫిబ్రవరి 12న అమల్లోకి వచ్చింది. సియెర్రా లియోన్ యుద్ధం ముగిసిందని ప్రకటించింది అంతకు ముందు నెలలోనే. కాగితం మీద అతను మొదటినుంచీ పిల్లవాడే. ఆ శిబిరంలో ఆ కాగితం చదివినవాళ్లు లేరు.

ఈ వారం అభ్యాసం: క్యాసెట్‌ను వదిలి చంద్రుణ్ని గాని, అతను చెప్పే కలలను గాని పట్టుకోండి. పుస్తకం మొదట్లోనే తోపుడుబండి మీద శవాన్ని తోసుకువెళ్లే కల ఒకటి ఉంది. గుడ్డ తొలగిస్తే కనిపించేది అతని ముఖమే, మెలకువ వచ్చేది న్యూయార్క్‌లో. అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. ఈ పుస్తకం దొరకకపోతే విజయవాడ లెనిన్ సెంటర్ పాతపుస్తకాల దుకాణాల్లో కనిపించిన ఏ ఆత్మకథనైనా తీసుకోండి, పద్ధతి మారదు. కనీసం మూడు చోట్లు, ఒక వాక్యం, దానికి ఎదురు తిరిగే ఒక ఘట్టం, దిద్దిన వాక్యం. కొట్టివేతలు చెరపకుండా పంపండి.

పుస్తకంలోని తేదీలు సరికావని, మట్రు జోంగ్ మీద దాడి 1995లో జరిగిందని 2008లో ఒక ఆస్ట్రేలియా పత్రిక రాసింది. బేహ్ తన మాట మీదే నిలబడ్డాడు. పన్నెండేళ్లవాడి జ్ఞాపకాన్ని సాక్ష్యంగా ఎలా చదవాలో 4వ పాఠంలో చూద్దాం. దానికి ముందు పుస్తకంలో తేదీలు ఉన్న పేజీలన్నిటికీ గుర్తులు పెట్టి ఉంచుకోండి.