సిమ్యులేషన్ ఆరు వారాలంది, పని పదకొండు వారాలు పట్టింది: తప్పు ఎక్కడ వెతకాలి?

విశాఖ మధురవాడలో మా టీం ఒక రవాణా కంపెనీకి ఆప్ కడుతున్న రోజుల్లో, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో సిమ్‌పై అనే సిమ్యులేషన్ లైబ్రరీ పెట్టి మా పనితీరుకి చిన్న మోడల్ రాశాను. టికెట్ (చేయాల్సిన ఒక్కో పని) వస్తుంది, డెవలపర్ తీసుకుంటాడు, రివ్యూ, టెస్టింగ్, రిలీజ్. అంతే. ఆరు వారాల్లో అయిపోతుందని మోడల్ చెప్పింది, నేను మీటింగ్‌లో చెప్పాను. పదకొండు వారాలు పట్టింది. ఆ మోడల్‌ని విప్పుకుంటూ పోతే దొరికిన తప్పులూ, తర్వాత వేరే టీములకి మోడళ్లు చేసి పెట్టినప్పుడు ఎదురైనవీ ఇక్కడ రాస్తున్నాను. మీ దగ్గర కనబడే లక్షణం చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లొచ్చు. ఏదీ తేలకపోతే మొదటిదాన్నే చూడండి. నేను చూసిన మోడళ్లలో సగానికి పైగా రోగం అక్కడే ఉంది.

లక్షణం: మోడల్‌లో పనులు చకచకా కదులుతున్నాయి, ఆఫీసులో మాత్రం టెస్టింగ్ దగ్గర పేరుకుపోతున్నాయి

కారణం: పని చేసే సమయం లెక్కేశారు, కాచుకునే సమయం వదిలేశారు.

ఈ సంగతి నాకు చెప్పింది మా టెస్టరే. "ఒక్కో టికెట్‌కి ఎంతసేపు పడుతుందమ్మా?" అని అడిగాను. "రెండు గంటలు సార్. కానీ నా చేతికొచ్చేసరికే నాలుగు రోజులవుతోంది. ఏటి సార్, మీ మోడల్‌లో నేనొక్కదాన్నే ఉన్నానని రాశారా?" అంది. రాయలేదు. టెస్టింగ్‌ని ఉత్త టైమౌట్‌గా, అంటే రెండు గంటలు గడిస్తే చాలు అన్నట్టు పెట్టాను. అంటే ఒకేసారి ఇరవై టికెట్లు వచ్చినా, ఇరవైమంది టెస్టర్లున్నట్టు రెండు గంటల్లో అన్నీ అయిపోయేవి.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో కూర్చుంటే దూరంగా లంగరేసిన ఓడలు కనబడతాయి. కొన్ని బెర్తు ఖాళీ కోసం కాచుకుని ఉంటాయి. సరుకు దించడానికి రెండు రోజులే పట్టొచ్చు. కానీ ఓడని అద్దెకి తీసుకున్నవాడు కాచుకున్న రోజులకీ డబ్బు కట్టాలి. మన టికెట్ కూడా అంతే.

క్యూల సిద్ధాంతంలో దీనికో సులువైన లెక్క ఉంది. ఒక్క మనిషి, పనులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి, ఒక్కోదానికి పట్టే సమయమూ మారుతుంటుంది. అలాంటప్పుడు ఆ మనిషి తన సమయంలో 80 శాతం పనిలోనే ఉంటే, సగటున పని సమయానికి 4 రెట్లు కాచుకోవాలి. 90 శాతమైతే 9 రెట్లు, 95 అయితే 19 రెట్లు. రెండు గంటల టెస్టు కోసం 38 గంటలు, అంటే దాదాపు ఐదు పనిదినాలు. "అందరూ ఫుల్ బిజీగా ఉండాలి" అనే మేనేజర్లకి నేను చూపించే పట్టిక ఇదొక్కటే.

పరిష్కారం: టెస్టర్, రివ్యూ చేసే సీనియర్, సర్వర్ పాస్‌వర్డ్ తెలిసిన ఆ ఒక్క మనిషి. ప్రతి ఒక్కరినీ కెపాసిటీ 1 ఉన్న రిసోర్స్‌గా, అంటే ఒకసారి ఒక్క పనే పట్టగలిగేలా, మోడల్‌లో పెట్టండి. తర్వాత జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రంతో సరిచూడండి: చేతిలో ఉన్న పనులు = రోజుకి పూర్తయ్యే పనులు × ఒక్కో పని లోపల ఉండే రోజులు. మీ టికెట్ల బోర్డు మీద 36 టికెట్లు తెరిచి ఉండి, రోజుకి 3 పూర్తవుతుంటే, ఒక్కోటి సగటున 12 రోజులు లోపలే ఉంటోందన్నమాట. మోడల్ 5 రోజులంటోందా? ఇక కోడ్ చదవనక్కర్లేదు, మోడల్ తప్పే. బోర్డు నిలకడగా ఉన్న నెలల్లోనే ఈ లెక్క వాడండి. టికెట్లు రోజురోజుకీ పెరిగిపోతున్న నెలలో పనికిరాదు.

లక్షణం: టెస్టర్‌ని రిసోర్స్‌గా పెట్టాక కూడా మోడల్ తొందరపడుతోంది

కారణం: వెనక్కి వచ్చే పని లేదు. చాలా మోడళ్లలో టికెట్ ముందుకే పోతుంది. నిజంలో బగ్గుతో వెనక్కి తిరుగుతుంది.

నాలుగింట ఒకటి వెనక్కొస్తే పని 25 శాతమే పెరుగుతుందని అనుకుంటాం. తిరిగొచ్చినవాటిలో కొన్ని మళ్లీ తిరుగుతాయి కాబట్టి 33 శాతం పెరుగుతుంది. అసలు దెబ్బ ఇంకోచోట తగులుతుంది. టెస్టర్ మొదట 70 శాతమే బిజీ అనుకోండి. పైన చెప్పిన క్యూల లెక్క ప్రకారం కాచుకోవడం 2.3 రెట్లు. బగ్గులు తిరిగొచ్చాక ఆవిడ 93 శాతం బిజీ అవుతుంది, కాచుకోవడం 14 రెట్లకి పోతుంది. మనిషి మారలేదు, పని వేగం మారలేదు.

పరిష్కారం: టెస్టింగ్ తర్వాత ఒక పాచిక వేయండి. ఫెయిలైతే టికెట్ డెవలపర్ క్యూలోకి వెళ్లాలి, నేరుగా టెస్టర్ దగ్గరకి కాదు. ఎంత శాతం తిరుగుతుందో ఊహించకండి. పాత టికెట్ల చరిత్రలో "రీఓపెన్" అయినవి లెక్కపెట్టండి.

లక్షణం: మనుషుల్ని రెట్టింపు చేస్తే మోడల్‌లో సమయం సగమవుతోంది

ఇది చూడగానే నవ్వొస్తుంది కానీ, ఇలాంటి గ్రాఫు చూపించే మా దగ్గర ఒకసారి నలుగుర్ని అదనంగా తెచ్చారు. ఆలస్యమైన ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని ఐబీఎంలో పనిచేసిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. కొత్తవాళ్లకి నేర్పేది పాతవాళ్లే, ఆ గంటలు వాళ్ల పనిలోంచే పోతాయి. మాట్లాడుకోవాల్సిన జంటలూ పెరుగుతాయి: ఐదుగురుంటే 10, ఎనిమిదిమంది అయితే 28.

బ్రూక్స్ మాటని కంఠతా పట్టి మోడల్‌లో దూర్చడం కూడా తప్పే. తారెక్ అబ్దెల్-హమీద్, స్టూవర్ట్ మాడ్నిక్ అనే పరిశోధకులు సిస్టమ్ డైనమిక్స్‌తో (ఒకదాని మీద ఒకటి ప్రభావం చూపే అంశాలన్నీ కలిపి కాలంతో నడిపే పద్ధతి) సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల మోడల్ కట్టి చూస్తే, మనుషుల్ని కలపడం వల్ల ఖర్చు ఎప్పుడూ పెరిగింది గానీ ప్రాజెక్టు ప్రతిసారీ ఆలస్యం కాలేదు. ఎప్పుడు కలిపామన్నదే ముఖ్యం.

పరిష్కారం: కొత్తవాళ్లని విడి గంపలో పెట్టండి. మొదట్లో సగం పనే చేస్తారు, మీ టీంలో పూర్తిగా చేయి తిరగడానికి పట్టిన వారాల తర్వాత పాతవాళ్ల గంపలోకి మారతారు. అన్నాళ్లూ ఒక పాతమనిషి రోజులో కొంత కోత పడుతుంది. ఈ రెండూ పెడితే చాలు, జంటల లెక్క తర్వాత చూసుకోవచ్చు.

లక్షణం: మోడల్ ఒకే తేదీ చెబుతోంది, ప్రతిసారీ అది దాటిపోతోంది

సగటులు పెడితే సగటే వస్తుంది. ఆప్, సర్వర్, పేమెంట్ అని మూడు భాగాలుంటే, ఒక్కోటి ఆ తేదీకి అందే అవకాశం 80 శాతమైనా మూడూ కలిసి అందే అవకాశం 51 శాతమే. 0.8ని మూడుసార్లు గుణించండి. బొమ్మా బొరుసూ లాంటి తేదీని మనం మాటిచ్చేసినట్టు.

కనిష్ఠం, మామూలు, గరిష్ఠం అని మూడంకెలిచ్చి త్రికోణ పంపిణీ వాడేవాళ్లకో మాట: అందులో గరిష్ఠం దాటి ఏదీ పోదు. సాఫ్ట్‌వేర్‌లో పోతుంది. ఊహించిన అంకెల బదులు, మీవే గత వంద టికెట్ల అసలు సమయాల్లోంచి యాదృచ్ఛికంగా ఒక్కోటి తీసి, మొత్తం ప్రాజెక్టుని కొన్ని వేలసార్లు నడపండి. పరుగుల్లో 85 శాతం ఏ తేదీలోపు ముగిశాయో అది చెప్పండి.

లక్షణం: టికెట్లన్నీ శుక్రవారం సాయంత్రమే పూర్తయినట్టు డేటా

ఎవరూ శుక్రవారం పని చేయలేదు, శుక్రవారం టికెట్లు జరిపారు, అంతే. జిరా (టికెట్లు రాసుకునే సాఫ్ట్‌వేర్) తేదీలు వదిలేసి, కోడ్ మార్పులు దాచే గిట్‌లో మొదటి కమిట్ (మొదటిసారి కోడ్ దాచిన సమయం), రివ్యూకి పెట్టిన సమయం, మెర్జ్ అయిన (అసలు కోడ్‌లో కలిసిన) సమయం తీసుకోండి.

లక్షణం: జనవరిలో మాత్రం అంచనా తప్పుతోంది

సంక్రాంతి. భోగి ముందు శుక్రవారానికే మా టీంలో సగంమంది శ్రీకాకుళం, పార్వతీపురం వైపు బస్సెక్కేస్తారు, ముక్కనుమ దాకా తిరిగిరారు. మోడల్ క్యాలెండర్‌లో మూడు సెలవులే ఉంటాయి. ఎవరెవరు ఎప్పుడు లేరో పాత హాజరులో చూసి పెట్టండి. అలాగని 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను లాంటిదాన్ని సగటులో కలపకండి. కరెంటూ నెట్‌వర్కూ లేని ఆ రోజులు మామూలు వారాల అంకెల్ని చెడగొడతాయి. దానికి "ఇలా జరిగితే" అని విడిగా ఒక పరుగు చాలు.

చిన్నాచితకా

నడిపిన ప్రతిసారీ జవాబు మారుతోందంటే సీడ్ (యాదృచ్ఛిక అంకెల వరస ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంఖ్య) పెట్టలేదు. ఎన్నిసార్లు నడిపినా ఒక్క అంకె కూడా కదలడం లేదంటే, వేల పరుగులకీ అదే సీడ్ పెట్టేశారు. మొదటి రెండు వారాలు మరీ అందంగా ఉన్నాయంటే మోడల్ ఖాళీ బోర్డుతో మొదలవుతోంది. ఈరోజు మీ బోర్డు మీదున్న టికెట్లని ఎక్కడున్నవి అక్కడే పెట్టి మొదలుపెట్టండి.

లక్షణం: అన్నీ సరిచేశాం, అయినా ఎవరూ నమ్మట్లేదు

అయిపోయిన ప్రాజెక్టు ఒకటి తీసుకోండి. అది మొదలైన రోజుకి మీ దగ్గరున్న డేటా మాత్రమే ఇచ్చి మోడల్ నడపండి. అసలు ముగిసిన తేదీ మోడల్ ఇచ్చిన పరిధిలో పడిందా? మా పదకొండు వారాల ప్రాజెక్టుని సరిచేసిన మోడల్‌లో అలాగే వేశాను. సగం పరుగులు తొమ్మిది వారాల్లో, 85 శాతం పన్నెండు వారాల్లో ముగిశాయి. అది చూశాక మా మేనేజర్ ఒప్పుకున్నారు, వెంటనే "అయితే క్లయింటుకి తొమ్మిదే చెబుదాం" అన్నారు. దానికి మోడల్‌లో మందు లేదు. తొమ్మిది అంటే సగానికి సగం అవకాశమని మెయిల్‌లో రాసి, ఆయన చేత "సరే" అనిపించుకున్నాను.