క్రీట్‌లో ఈ రోజు ఏ బీచ్‌కి? ముందు గాలి చూడండి

గ్రీస్ దేశంలో దక్షిణాన ఉన్న క్రీట్ దీవి తూర్పు పడమరలుగా దాదాపు 260 కిలోమీటర్లు సాగుతుంది. ఉత్తరాన ఒక తీరం, దక్షిణాన ఒక తీరం, నడుమ ఎత్తైన కొండలు. ఏ రోజు ఏ బీచ్ అన్నది ఇంటి దగ్గరే రాసేసుకుని బయల్దేరకండి. మధ్యధరాలో ఆటుపోట్లు చాలా తక్కువ, కాబట్టి అలల సంగతి తేల్చేది ఎక్కువగా గాలే.

జూలై, ఆగస్టుల్లో ఉత్తర, వాయవ్య దిక్కుల నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది. పట్టుకుందంటే రోజుల తరబడి వదలదు. పొద్దున్నే ఫోన్‌లో రెండు చూడండి: గాలి ఏ దిక్కుది, బోఫోర్ట్ స్కేల్‌లో (గాలి బలాన్ని 0 నుంచి 12 దాకా అంకెల్లో చెప్పే కొలమానం) ఎంత. 3 లోపుంటే మామూలుగా ఎటైనా వెళ్లొచ్చు. ఉత్తర గాలి 5కి చేరితే, అంటే గంటకు 29 కిలోమీటర్లు దాటితే, రెథిమ్నో లాంటి ఉత్తర తీరపు ఇసుక బీచ్‌లలో పిల్లల్ని నీళ్లలోకి దించొద్దు. ఎర్ర జెండా ఎగురుతుంటే పెద్దవాళ్లు కూడా దిగకూడదు.

అలాంటి రోజు కొండలు దాటి దక్షిణానికి వెళ్లండి. మా ఓటు పాలియోహోరాకి. ఊరు సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల మీద ఉంటుంది. పడమట ఇసుక బీచ్, తూర్పున గులకరాళ్ల బీచ్. పడమటి గాలి కొడుతుంటే ఊరి సందుల్లోంచి కాసేపు నడిచి తూర్పు వైపుకి వెళ్తే సరి. ఉత్తర తీరపు నగరం హనియా నుంచి దారంతా మలుపులే, కారులో గంటన్నర పట్టొచ్చు.

దక్షిణాన ఒక ప్రమాదముంది. ఉత్తర గాలి కొండ లోయల్లోంచి జారి, ఒడ్డు నుంచి సముద్రం వైపు ఒక్కసారిగా తోస్తుంది. ఒడ్డున నీళ్లు కదలకుండా కనిపిస్తాయి గానీ, గాలి నింపిన ట్యూబో పరుపో వేస్తే నిమిషాల్లో లోతుకి కొట్టుకుపోతుంది. అలాంటి రోజు వాటిని సంచిలోంచి తీయనే తీయొద్దు. ఖాళీ ట్యూబు కొట్టుకుపోతే పోనివ్వండి, వెనకాల ఈదొద్దు. దాని మీద మనిషి ఉంటే లైఫ్‌గార్డును పిలవండి, లైఫ్‌గార్డు లేకపోతే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి.

గొడుగు కర్రను మోచేతి లోతు దాకా పాతి, గాలి వచ్చే వైపుకి కొంచెం వంచండి. నిటారుగా పాతితే గాలి గొడుగు కిందకి దూరి ఎత్తేస్తుంది. రాళ్ల మీద సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్ అనే ముళ్ల జీవులు) ఉంటాయి, రబ్బరు అడుగున్న నీటి బూట్లు తప్పనిసరి.

వాయవ్య మూలనున్న బాలోస్ బీచ్‌కి కిస్సమోస్ రేవు నుంచి పడవ మేలు. కారులో వెళ్తే చివర చాలా దూరం మట్టి రోడ్డు. అక్కడ కారు అడుగుభాగం దెబ్బతింటే చాలా అద్దె కార్ల బీమా వర్తించదు, ఒప్పందం చదువుకోండి. గాలి గట్టిగా ఉంటే పడవలూ ఆగిపోతాయి. నైరుతి మూలనున్న ఎలఫోనిసి బీచ్‌లో నీళ్లు చాలా చోట్ల మోకాలి లోతే, చిన్నపిల్లలకు హాయి. పొద్దున తొమ్మిదిలోపు చేరుకోండి. అక్కడి గులాబీ రంగు ఇసుక తీసుకెళ్లడం నిషేధం.

సెలవు దొరికితే సెప్టెంబరే ఎంచుకోండి. నీళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి, మెల్తెమి తగ్గుముఖం పడుతుంది. మే నెలలో ఎండ ఉన్నా నీళ్లు చల్లన.

శాకాహారులు హోటళ్లలో ‘నిస్తీసిమో’ వంటకాలు ఏమున్నాయని అడగండి. అవి అక్కడి క్రైస్తవుల ఉపవాసపు వంటలు, మాంసం, గుడ్డు, పాలు ఉండవు. రొయ్యలు, స్క్విడ్ మాత్రం ఉండొచ్చు, అది విడిగా అడగాలి. టమాటాల్లో అన్నం కూరిన గెమిస్తాలో ఒక్కోసారి కీమా కలుపుతారు.