మీటింగ్ అయిపోయింది, ఫైలు ఎక్కడ?

ఆఫీసు భీమవరంలో. టెక్నీషియన్లు ఆకివీడు, ఉండి, కాళ్ళ వైపు చెరువు గట్ల మీద. సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, ఇచ్చే హేచరీ కాకినాడ అవతల సముద్రం ఒడ్డున. వెనామీ రొయ్యల సాగు పనిలో ఉన్న మాలాంటి బృందం వారం వారం ఒకచోట కూర్చోవడం జరిగే పని కాదు కాబట్టి ఆన్‌లైన్ మీటింగే దిక్కు. మీటింగ్‌లో మాటలు బాగానే సాగుతాయి. చిక్కంతా తర్వాతే. నీటి పరీక్ష రిపోర్టు, మేత చార్టు, పోయిన వారం రికార్డింగ్, ఏదీ అడిగిన వేళకి దొరకదు. మా దగ్గర కంప్యూటర్ల పని నాది. నాకు వచ్చే ఫోన్లలో తరచుగా వినేవి ఇవి.

"లింకు నొక్కితే అనుమతి లేదంటోందండీ"

అందరూ ముందు అనుమానించేది షేరింగ్‌ని. నేను ముందు అడిగేది "ఫోన్లో ఎన్ని జీమెయిళ్లు ఉన్నాయండీ?" అని. సొంతది ఒకటి, ఆఫీసుది ఒకటి ఉంటాయి. ఫైలు ఆఫీసు మెయిల్‌కి షేర్ అయి ఉంటుంది, లింకు సొంత మెయిల్‌తో తెరుచుకుంటుంది. గూగుల్ డ్రైవ్ యాప్‌లో పైన కుడి మూల గుండ్రటి ఫొటో నొక్కి అకౌంటు మార్చితే చాలాసార్లు అక్కడితో తేలిపోతుంది.

అప్పటికీ రాకపోతే నిజంగానే షేర్ చేయలేదన్నమాట. ఇక్కడ తొందరపడి "లింకు ఉన్న ఎవరైనా" అని పెట్టేయకండి. ఆ షీట్లలో రైతుల ఫోన్ నంబర్లు, చెరువుల వారీ లెక్కలు ఉంటాయి. లింకు ఒకసారి వాట్సాప్‌లో పడిందంటే ఏ ఊరు చేరుతుందో మన చేతిలో ఉండదు. బృందం మొత్తానికి ఒక గూగుల్ గ్రూపు చేసి, ఫోల్డర్‌ని ఆ గ్రూపుకే షేర్ చేయండి. కొత్తగా చేరినవాళ్లని గ్రూపులో కలిపితే పాతవన్నీ వాళ్లకీ కనిపిస్తాయి. క్యాలెండర్ ఆహ్వానానికి డ్రైవ్ ఫైలు జోడించినప్పుడు, పిలిచినవాళ్లకి అది తెరిచే వీలు లేకపోతే "వీళ్లకి చూపించమంటారా" అని అడుగుతుంది. ఆ ప్రశ్న చదవకుండా దాటేయడం వల్లే మీటింగ్ మొదటి పది నిమిషాలు అనుమతుల గొడవకే పోతాయి.

"మీరు చెప్పిన చార్టు వేరు, నా దగ్గరున్నది వేరు"

నన్ను బాగా బాధపెట్టిన సంగతి ఇదే. ఒక మీటింగ్‌లో మేత తగ్గిస్తూ చార్టు మార్చాం. అందరూ సరేనన్నారు. రెండు రోజులకి ఒక చెరువు నుంచి ఫోన్: చెక్ ట్రేల్లో, అంటే రొయ్యలు ఎంత తింటున్నాయో చూసే పళ్లాల్లో, మేత మిగిలిపోతోందని. ఆ అబ్బాయి పాత చార్టు ప్రకారమే వేయిస్తున్నాడు. తప్పు అతనిది కాదు. మార్చిన చార్టుని పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పంపింది నేను, అతని ఫోన్లో అదే పేరుతో అప్పటికే మూడు ఉన్నాయి. తినని మేత అడుగున కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది. ఫైలు పేరు దగ్గర జరిగిన పొరపాటు చెరువు దాకా వెళ్తుందని ఆ రోజు తెలిసింది.

వాట్సాప్‌లో ఫైలు పంపితే ప్రతి ఫోన్లో ఒక నకలు తయారవుతుంది. మనం తర్వాత దిద్దేది మన దగ్గరున్నదాన్నే. అందుకే ఫైలు పంపడం మానేసి లింకు పంపండి. పీడీఎఫ్ అయితే కంప్యూటర్‌లో డ్రైవ్ తెరిచి, ఆ ఫైలు వెర్షన్ల దగ్గర కొత్తదాన్ని ఎక్కించండి. లింకు మారదు, తెరిచినవాళ్లకి కొత్తదే కనిపిస్తుంది. అలా ఎక్కించిన ఫైళ్ల పాత వెర్షన్లు మామూలుగా 30 రోజులకో, 100 వెర్షన్లు దాటాకో తొలగిపోతాయి. కావలసినదాన్ని ఎప్పటికీ ఉంచమని గుర్తు పెట్టుకోవాలి. ఇక ఆ లింకుని ప్రతి వారం జరిగే మీటింగ్ ఆహ్వానంలోనే రాసి, సేవ్ చేసేటప్పుడు "అన్ని ఈవెంట్లకీ" అని ఎంచుకోండి.

"రికార్డ్ చేశాం, కానీ లేదు"

ముందు ఏ యాప్ అన్నది చూసుకోవాలి.

గూగుల్ మీట్ అయితే రికార్డింగ్ చేరేది మీటింగ్ ఏర్పాటు చేసినవాళ్ల డ్రైవ్‌లోకి. బటన్ నొక్కినవాళ్లు తమ డ్రైవ్‌లో వెతుక్కుని లాభం లేదు, వాళ్లకి మెయిల్‌లో లింకు మాత్రం వస్తుంది. మామూలు ఉచిత జీమెయిల్‌తో పెట్టిన మీట్‌లో రికార్డింగ్ సౌకర్యమే ఉండదు.

ఉచిత జూమ్ అయితే రికార్డింగ్ ఆ కంప్యూటర్‌లోనే, డాక్యుమెంట్స్‌లోని జూమ్ ఫోల్డర్‌లో ఉంటుంది. మీటింగ్ ముగిశాక అది వీడియోగా మారడానికి కొంతసేపు పడుతుంది. ఆలోగా కరెంటు పోతే వీడియో బదులు "డబుల్ క్లిక్ టు కన్వర్ట్" అనే పేరుతో ఫైలు మిగులుతుంది. పోయిందనుకుని చెరిపేయకండి. రెండుసార్లు నొక్కితే మిగతా పని పూర్తి చేస్తుంది. తర్వాత దాన్ని మీ చేత్తోనే డ్రైవ్‌లోకి ఎక్కించాలి.

మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో ఛానెల్ మీటింగ్ రికార్డింగ్ షేర్‌పాయింట్‌కి (బృందం ఫైళ్లు ఉండే చోటు), మిగతావి వన్‌డ్రైవ్‌కి (ఒక్కొక్కరి సొంత ఫైళ్లు ఉండే చోటు) వెళ్తాయి. వాటికి ఎవరూ మార్చకపోతే గడువు 120 రోజులు. వెనామీ పంట కాలం కూడా ఇంచుమించు మూడు నాలుగు నెలలే. అంటే సీడ్ వదిలిన రోజు ఏం అనుకున్నామో రొయ్యల పట్టుబడి అయ్యాక సరిచూసుకుందామంటే, సరిగ్గా అప్పటికి ఆ రికార్డింగ్ వెళ్లిపోతుంది. రికార్డింగ్ వివరాల్లో గడువు తేదీ మార్చుకోవచ్చు. దాటిపోయినా 90 రోజుల దాకా రీసైకిల్ బిన్‌లో ఉంటుంది.

"ఆయన మానేశాక ఫోల్డర్ కనపడట్లేదు"

ఫైళ్లు ఒక మనిషి డ్రైవ్‌లో ఉంటే ఆ మనిషితోనే పోతాయి. ఆఫీసు గూగుల్ అకౌంటు తీసేసి 20 రోజులు దాటకపోతే అడ్మిన్ దాన్ని తిరిగి తేగలరు. ఆ తర్వాత కష్టం. చెల్లించే ప్లాన్‌లో షేర్డ్ డ్రైవ్ ఉంటే అన్నీ అందులోనే పెట్టండి, అక్కడ ఫైళ్లు సంస్థవి. మీట్ రికార్డింగులు వాటంతట అవి అక్కడికి చేరవు. మీటింగ్ అయిన రోజే జరిపేయండి.

"గట్టు మీద సిగ్నల్ లేదండీ"

ఇంటి దగ్గర వైఫై ఉన్నప్పుడే ఫైలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, ఆఫ్‌లైన్‌లో ఉండేలా పెట్టుకోమనండి. మేత చార్టు, తాజా నీటి రిపోర్టు, ఈ రెండూ చాలు. రోజూ బయల్దేరే ముందు ఒకసారి నెట్ ఉన్నచోట తెరిచి చూసుకోవాలి. లేకపోతే నిన్నటి చార్టుతోనే చెరువు మీదకి వెళ్తారు.