నేల పదునుకొచ్చేదాకా పార ముట్టుకోకండి

చలి తగ్గి ఎండ కాస్త చురుక్కుమనగానే ఎవరికైనా మడి తవ్వేయాలనిపిస్తుంది. నేను మాత్రం ముందు గుప్పెడు మట్టి తీసి చూస్తాను. బెత్తెడు లోతు నుంచి తీసి, పిడికిట్లో గట్టిగా పిసికి, ఆ ముద్దను బొటనవేలితో నొక్కండి. పొడిపొడిగా రాలిపోతే నేల పదునులో ఉన్నట్టే. వేలి గుంట పడి ముద్ద అలాగే నిలబడితే నాలుగైదు రోజులు ఆగి మళ్లీ చూడండి. తడి నేలను తవ్వితే, ఆ మాటకొస్తే దాని మీద నడిచినా, మట్టిలో గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. ఎండాక ఆ పెళ్లలు ఇటుకల్లా బిగుస్తాయి. ఇక ఆ కాలమంతా లేత వేళ్లు వాటిని తప్పించుకుంటూ సాగాల్సిందే. అందుకే ఈ ఒక్క విషయంలో నేను ఎవరి తొందరనూ ఒప్పుకోను.

ఆగినన్నాళ్లూ పనికి కొదవేమీ ఉండదు. పాత విత్తనాలు తీసి, రకానికి పదేసి గింజలు తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట పెట్టండి. గుడ్డ ఆరకూడదు. వారం పది రోజుల్లో ఏడెనిమిది మొలిస్తే మామూలుగా వేసుకోవచ్చు. ఐదారే మొలిస్తే ఒత్తుగా చల్లండి. అంతకన్నా తక్కువైతే కొత్తవి తెచ్చుకోవడమే మేలు. ఉల్లి గింజ ఏడాది రెండేళ్లకే సత్తువ కోల్పోతుంది, టమాటా నాలుగేళ్ల తర్వాత కూడా మొలుస్తుంది.

కత్తెరకు సాన పట్టి, స్పిరిట్‌తో తుడిచాకే కొమ్మల జోలికి వెళ్లండి. ఎండిందో బతికుందో తెలియని కొమ్మను గోటితో గీకండి. బెరడు కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి వచ్చి గీకండి. పచ్చదనం ఎక్కడ మొదలైతే అక్కడ కోయాలి. గులాబీకైతే బయటివైపు తిరిగిన కన్ను (కొత్త చిగురు పుట్టే చోటు) చూసి, దానికి పావు అంగుళం పైన ఏటవాలుగా కత్తిరిస్తాను. అప్పుడు కొత్త రెమ్మ బయటికి సాగుతుంది, పొద నడుమకు గాలీ వెలుతురూ అందుతాయి. వసంతం మొదట్లోనే పూసే పొదలను మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. వాటి మొగ్గలు పోయినేటి కొమ్మల మీదే ఉంటాయి. పూత అయిపోయాక చూసుకోవచ్చు.

నేల పదునుకొచ్చాక కూడా లోతుగా తిరగేయకండి. అడుగున పడి ఉన్న కలుపు గింజలకు వెలుతురు తగిలి అన్నీ ఒక్కసారే లేస్తాయి. రెండంగుళాల మందాన కంపోస్టు పరిచి పైపైన కలిపితే చాలు. అది చివికిందో లేదో వాసనే చెబుతుంది. తొలకరి మట్టి వాసన వస్తే వాడుకోవచ్చు. ముక్కుకు ఘాటుగా తగిలితే ఇంకా మాగాలి. అలాంటిది వేస్తే మొక్క వేళ్లు మాడిపోతాయి. కలుపును లేతగా ఉన్నప్పుడే వేరుతో సహా లాగేయండి. తుంగనైతే గడ్డతో తీయకపోతే తీసినా తీయనట్టే.

చలికాలంలో మడి మీద కప్పిన ఆకులను పక్కకు లాగితే నేల త్వరగా వేడెక్కుతుంది. మొలకలు నాలుగు ఆకులు వేశాక, పక్కకు లాగిన ఆ ఎండుటాకులనే మళ్లీ మొదళ్ల చుట్టూ సర్దండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి.

విత్తే ముందు రెండంగుళాల లోతున పొద్దున్నే థర్మామీటరు గుచ్చి చూడటం నా అలవాటు. బఠానీ 5 డిగ్రీల సెల్సియస్‌కే మెల్లగా మొలకెత్తుతుంది. బీన్స్‌కు కనీసం 15 డిగ్రీలు ఉండాలి, చల్లని తడిలో ఆ గింజ కుళ్లిపోతుంది. టమాటా, వంగ, మిరప నారును నాటడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే నీడపట్టున పోసుకోవాలి. నారుకు నీళ్లు మట్టి పైపొర ఆరాకే పోయండి. ఎప్పుడూ తడిగా ఉంచితే నారుకుళ్లు తెగులు మొదలంటా తినేస్తుంది.

ఆ నారును తీసుకెళ్లి ఒక్కసారిగా ఎండలో పెట్టకండి, ఆకులు తెల్లబారతాయి. మొదటి రోజు ఓ గంట నీడలో, తర్వాత లేత ఎండలో ఉంచుతూ, వారం పది రోజుల్లో పూర్తి ఎండకు అలవాటు చేయండి. రాత్రి గడ్డకట్టే చలి ఇంకా ఉంటే లోపలికి తెచ్చేయండి. నాటేది సాయంత్రం పూటైతే మొక్క వాడదు. నాటిన వెంటనే పాదు నిండా నీళ్లు పోయండి.