సారా ఉద్యమం మీద థీసిస్ రాస్తున్నారా? ముందుగా ఎవరి మాట ఎవరిదో వేరు చేయండి

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్ని స్త్రీవాద దృష్టితో చదివేవాళ్లు తరచూ చేసే పొరపాటు: అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమంలోని పాఠం, పత్రికా కథనం, ఇప్పుడు తీసుకున్న ఇంటర్వ్యూ, ఈ మూడింటినీ ‘ఆడవాళ్ల గొంతు’ అని ఒకే గంపలో వేసేయడం. పాఠం కార్యకర్తలు రాసింది, వార్తలో వాక్యం విలేఖరిది. ముప్పై ఏళ్ల తర్వాతి జ్ఞాపకంలో 1993 సారా నిషేధం, 1995 మద్యనిషేధం, ఆ తర్వాతి సడలింపు కూడా కలిసిపోయి ఉంటాయి.

అందుకే ప్రతి ఉటంకింపుకీ ఒక కార్డు రాయండి: ఎవరు, ఎవరితో, ఎక్కడ, ఏ తేదీన, ఏం అడుగుతూ అన్నారు. తేదీ తెలియకపోతే ఖాళీగా వదలండి, ఊహించి నింపొద్దు.

రికార్డింగును రాసేటప్పుడు యాసను పుస్తక భాషలోకి దిద్దకండి. దిద్దితే వెటకారం, తిట్టు, సామెత ఎగిరిపోతాయి. వాదన బలమంతా చాలాసార్లు అక్కడే ఉంటుంది. పది నిమిషాల మాటకు కనీసం గంట పెట్టుకోండి. ఇంటర్వ్యూలో మాట్లాడిన ఆమె ‘స్త్రీవాదం’ అనకపోతే ఆ మాట మీ విశ్లేషణలోనే ఉండాలి, ఆమె నోట పెట్టకూడదు.